లో-మెక్కానెల్ రచనలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉష్ణమండల చేపల జీవావరణం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి బ్రిటిష్ చేపల శాస్త్రవేత్త రోజ్‌మేరీ లో-మెక్కానెల్ పేరు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. వెంటనే 1987లో కేంబ్రిడ్జ్ వేసిన 'ఎకలాజికల్ స్టడీస్ ఇన్ ట్రాపికల్ ఫిష్ కమ్యూనిటీస్' తెరవకండి. గొప్ప పుస్తకమే, కానీ నదులు, సరస్సులు, సముద్రం అన్నీ ఒకేసారి మీద పడి కొత్తవాళ్ళు బెదిరిపోతారు.

ముందు 2006లో వచ్చిన ఆత్మకథ 'ద తిలాపియా ట్రెయిల్' చదవండి. 1945లో తిలాపియా (ఆఫ్రికా మంచినీళ్ళలో దొరికే తిండిచేప) సర్వే కోసం ఆఫ్రికాలోని న్యాసా సరస్సుకి వెళ్ళడం, తర్వాత ఉగాండాలోని జింజాలో పరిశోధన, 1953లో పెళ్ళి చేసుకున్నందుకే ఉద్యోగం వదులుకోవాల్సి రావడం (బ్రిటిష్ వలస సర్వీసులో ఆడవాళ్ళకి మాత్రమే ఉన్న రూలు, చదువుతుంటే ఒళ్ళు మండుతుంది), భర్తతో దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా (ఇప్పటి గయానా) వెళ్ళి అక్కడా చేపల పని వదలకపోవడం, ఇవన్నీ తెలిశాక ఏ వ్యాసం ఏ నీళ్ళ గురించో ఇట్టే అర్థమవుతుంది.

తర్వాత గయానాలోని రూపునూని గడ్డిమైదానాల చేపల మీద 1964లో రాసిన వ్యాసం. నా లెక్కలో ఆవిడ పద్ధతి తెలియాలంటే ఇదే చదవాలి. పక్కన కాగితం పెట్టుకుని వానాకాలం, ఎండాకాలం అని రెండు గళ్ళు గీయండి. వరదకి నీళ్ళు మైదానమంతా పరుచుకున్నప్పుడు చేపలు అందులోకి వెళ్ళి గుడ్లు పెట్టి, బాగా తిని పెరుగుతాయి, నీళ్ళు తీశాక గుంటల్లో చిక్కుకుని వేటచేపల పాలవుతాయి. ఒకే గుంటలో పగలు తిరిగేవి వేరు, చీకటి పడ్డాక బయటికొచ్చే క్యాట్‌ఫిష్‌లు, విద్యుత్ చేపలు వేరు. చదివిన ప్రతిదాన్నీ ఏదో ఒక గడిలో వేసుకుంటూ పోతే, 1987 పుస్తకం సగం అప్పుడే అర్థమైనట్టు.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: పాత వ్యాసాలు ఆర్.హెచ్. లో పేరు మీదే ఉంటాయి. న్యాసా ఇప్పుడు మలావి, అప్పటి తిలాపియాల్లో చాలావాటిని ఇప్పుడు ఓరియోక్రోమిస్ అనే ప్రజాతి పేరుతో పిలుస్తున్నారు, రెండు పేర్లతోనూ వెతకండి.

తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు తిలాపియాల మీద 1950లలో రాసినవి మాత్రం అస్సలు వదలొద్దు. 1980లలో, బయటినుంచి తెచ్చి వదిలిన నైల్ పెర్చ్ అనే పెద్ద వేటచేప విజృంభించి ఆ సరస్సు రూపమే మారిపోయింది, స్థానిక తిలాపియాలు దాదాపు కనుమరుగయ్యాయి. అంతకుముందు అవి ఎక్కడ బతికేవో, ఎలా పిల్లల్ని పెట్టేవో దగ్గరుండి చూసి రాసినవాళ్ళు కొద్దిమందే, అందులో ఆవిడ ఒకరు.