పాత రౌటర్‌తో వెనక గదికి వైఫై తీసుకెళ్లడం ఎలా?

హాల్లో వైఫై నిండుగా ఉంటుంది, వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే ఒక్క గీతే మిగులుతుంది. అప్పుడు చాలామందికి అటక మీద పడి ఉన్న పాత రౌటర్ గుర్తొస్తుంది, దాన్ని దించి దుమ్ము దులిపి కొత్తదాని నుంచి ఒక కేబుల్ లాగి గుచ్చేస్తారు. గీతలైతే పెరుగుతాయి. మర్నాటి నుంచి మాత్రం ప్రింటర్ కనిపించదు, ఫోన్లోంచి టీవీకి వీడియో పంపితే వెళ్లదు, ఒక్కోసారి అసలు నెట్టే ఉండదు. నేనూ ఇదే పని చేసి ఒక ఆదివారం మొత్తం పాడు చేసుకున్నాను. ఇందులో సిగ్నల్ తప్పేమీ లేదు, ఒకే ఒరలో రెండు కత్తులు పెట్టడమే తప్పు. రెండు రౌటర్లూ ఎవరికి వారే పెద్ద అనుకుని, ఇంట్లో ఉన్న ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ తలోరకం అడ్రస్‌లు పంచుతూ కూర్చున్నాయి.

అందుకని ఇంట్లో రౌటర్ ఒక్కటే ఉండాలి. రెండోది కేబుల్లో వచ్చినదాన్ని గాల్లోకి వదిలితే చాలు. అలా పనిచేసేదాన్నే యాక్సెస్ పాయింట్ అంటారు.

అటక ఎక్కే ముందు ఉన్న రౌటర్‌ని కాస్త జరిపి చూడండి. టీవీ వెనకో, ఇనప బీరువా పక్కనో, నేల మీదో ఉంటే అది అక్కడే సగం చచ్చిపోతుంది. వైఫై ఎనలైజర్ లాంటి యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని గదిగదికీ తిరిగితే సిగ్నల్ మైనస్ అంకెల్లో కనిపిస్తుంది, సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మైనస్ 65 దాకా హాయిగా ఉంటుంది, మైనస్ 75 దాటితే వీడియో కాల్ తడబడటం మొదలవుతుంది. జరిపినా మారలేదంటే కింది పనికి దిగండి.

ముందు అసలు రౌటర్ అడ్రస్ తెలుసుకోవాలి. ఫోన్ వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒకటి ఉంటుంది, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1. మామూలు ఇంటి నెట్‌వర్క్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ వీధి పేరు, చివరిది ఇంటి నంబర్ అనుకోండి. ఆ అడ్రస్‌ని బ్రౌజర్లో కొట్టి లోపలికెళ్లి డీహెచ్‌సీపీ (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పేజీ చూడండి, ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా పంచుతోందో అక్కడ ఉంటుంది. అది 2 నుంచి మొదలైతే 100 నుంచి మొదలయ్యేలా మార్చేయండి. కింద ఖాళీ అయిన నంబర్లలో 2ని పాత రౌటర్‌కి ఇద్దాం.

ఇప్పుడు పాతదాన్ని విడిగా పెట్టుకోండి, కొత్తదానికి ఇంకా కలపొద్దు. వెనక ఉన్న సన్న బెజ్జంలో పిన్ను గుచ్చి ఓ పది సెకన్లు నొక్కి ఉంచితే లైట్లన్నీ ఒకసారి ఆరి వెలుగుతాయి, అంటే పాత సెట్టింగ్స్ పోయినట్టే. ల్యాప్‌టాప్ నుంచి ఒక కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టుకి (ఇంట్లో పరికరాలు కలిపేది) కలిపి, ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, స్టిక్కర్ మీదున్న అడ్రస్‌తో లోపలికి వెళ్లండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని కనిపిస్తే మీ అదృష్టం, అది ఎంచుకుని వైఫై పేరు పెట్టుకుంటే చాలావరకు అయిపోయినట్టే. లేకపోతే మూడు మార్పులు చేతితో చేయాలి, వాటి వరస మాత్రం తప్పకూడదు: వైఫై పేరు, పాస్‌వర్డ్ ముందు, తర్వాత ల్యాన్ ఐపీ అడ్రస్‌ని 192.168.1.2కి మార్చడం (మీ గేట్‌వే 192.168.0.1 అయితే 192.168.0.2), డీహెచ్‌సీపీని ఆపడం చిట్టచివర. నేను తెలివిగా చివరిది ముందు చేశాను. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక నా ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చే నాథుడు లేక, అది తనంతట తాను 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుని దిక్కులు చూసింది. మళ్లీ పిన్ను, మళ్లీ పది సెకన్లు.

ఐపీ మార్చగానే పేజీ తెగిపోతుంది, కంగారు పడకండి, కేబుల్ ఒకసారి తీసి పెట్టి కొత్త అడ్రస్‌తో లోపలికెళ్లి డీహెచ్‌సీపీ ఆపి సేవ్ చేయండి.

ఇక కలపడం. కొత్తదాని ల్యాన్ పోర్టు నుంచి పాతదాని ల్యాన్ పోర్టుకి. వాన్ అని రాసి ఉన్న పోర్టు (బయటి నుంచి నెట్ వచ్చేది) జోలికి పోవద్దు, అది సాధారణంగా వేరే రంగులో ఉంటుంది, నేనైతే దాని మీద టేపు అంటించేశాను. క్యాట్ 5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. కాకపోతే లోపలున్న ఎనిమిది తీగల్లో ఒక్కటి తెగినా వేగం 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు, ఎందుకంటే దానికి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. గుమ్మం కింద నలిగిన కేబుల్ అయితే ముందు దాన్నే అనుమానించండి.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెండింటిలోనూ ఒకటే ఉండాలి, ఛానెల్ మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఒకదానిమీద ఒకటి పడవు, ఒక రౌటర్‌కి 1 ఇస్తే రెండోదానికి 6 గానీ 11 గానీ ఇచ్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 3, 4 లాంటివి ఎంచుకుంటే అటూ ఇటూ రెండింటినీ చెడగొడతాయి. వెనక గదిలోకి వచ్చినా ఫోన్ హాల్లో రౌటర్‌నే పట్టుకు వేలాడుతోందా? ఎప్పుడు వదలాలో ప్రధానంగా ఫోనే నిర్ణయించుకుంటుంది. రెండింటి పవర్ కొంచెం తగ్గించి చూడండి, వింతగా అనిపించినా చాలాసార్లు అదే మందు.

కేబుల్ లాగే వీలు లేకపోతే రిపీటర్ మోడ్ ఉంది. ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేయాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే అక్కడ తిరిగి చెప్పడానికి ఏమీ వినిపించదు, సగం దారిలో పెట్టాలి.

ఇంతకీ రౌటింగ్ ఎక్కడ కావాలి? రెండోదాన్ని నిజంగా రౌటర్‌గానే వాడి, పిల్లల కోసమో ప్రయోగాల కోసమో వేరే వీధి పెట్టుకోవాలంటే. అప్పుడు కేబుల్ దాని వాన్ పోర్టుకి వెళ్తుంది, వాన్ అడ్రస్ 192.168.1.2, లోపలి వీధి 192.168.2. ఈ కొత్త వీధికి దారి మొదటి రౌటర్‌కి తెలియదు కాబట్టి స్టాటిక్ రూట్ పేజీలో గమ్యం 192.168.2.0, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.2 అని రాయాలి. రెండోదాంట్లో న్యాట్ (లోపలి అడ్రస్‌లని తన అడ్రస్ వెనక దాచే పని) ఆపి, ఫైర్‌వాల్లో లోపలికి అనుమతి ఇవ్వాలి. చాలా చౌక రౌటర్లలో న్యాట్ ఆపే మీటే ఉండదు, అలాంటిదైతే ఈ ఆలోచన మానుకుని యాక్సెస్ పాయింట్‌గానే వాడుకోండి, టెన్షన్ ఉండదు.

చివరగా వెనక గదిలో తలుపేసుకుని ఫోన్ వైఫైని ఆపి మళ్లీ వేసి గేట్‌వే చూడండి. యాక్సెస్ పాయింట్ పద్ధతిలో అది 192.168.1.1 అని ఉండాలి. 192.168.1.2 అని వస్తే పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఇంకా నడుస్తూనే ఉంది, వెళ్లి ఆపండి. అన్నీ సరిపోయాక పాత రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న అడ్రస్ కొట్టేసి కొత్తది పెన్నుతో రాసిపెట్టండి, ఆర్నెల్ల తర్వాత పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ పిన్ను వెతుక్కోనక్కర్లేదు.