తొలి నీరు చెరువులోకి రాకముందే

జూన్ మొదట్లో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్లు వదులుతారు. పై ఊళ్లవాళ్లు ఆ కబురు వినగానే నారుమళ్ల పనిలో పడతారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, పి.గన్నవరం అక్విడక్టు (గోదావరి పాయ మీదుగా కాలువని దాటించే వంతెన) దాటాక రాజోలు వైపు, అవతల నరసాపురం, మొగల్తూరు వైపు కాలువ శివారు ఊళ్లవాళ్లం మాత్రం ముందు ఆ కాలువ నీళ్లతో నింపుకునే మంచినీళ్ల చెరువు సంగతి చూసుకోవాలి.

ఏప్రిల్‌లో కట్టేసిన కాలువ వేసవంతా ఖాళీగా ఏమీ ఉండదు. టౌన్ల మురుగు, కోళ్ల దుకాణాల చెత్త, చచ్చిన పశువులు, ఎండి కుళ్లిన గుర్రపుడెక్క, డ్రెయిన్ పూడిపోయిన చోట చేపల చెరువుల నుంచి తోడేసిన నీళ్లు, అన్నీ అందులోనే. లాకులు ఎత్తగానే అదంతా ఊడ్చుకుంటూ కిందికి వస్తుంది. పారబోసినవాళ్ల ఊరు దాటడానికి దానికి ఒక పూట చాలు. మన ఊళ్లో మాత్రం చెరువులోకి దిగి తిష్ట వేస్తుంది. పైవాళ్లు నారు పోసుకునే రోజుల్లో మన పీహెచ్‌సీలో విరేచనాల కేసులు వరస కడితే ఆశ్చర్యం ఏముంది?

అందుకే అన్నిటికంటే ముందు చెరువు తూము సంగతి. తొలి నీరు వచ్చిన నాలుగైదు రోజులు తూము మూసే ఉంచాలి. చెరువు అడుగంటి, ఆడవాళ్లు బిందెలతో తిరుగుతుంటే ఆగమని చెప్పడం తేలిక కాదని తెలుసు. ఆ నాలుగైదు రోజులకి ట్యాంకర్లు కావాలని మే నెలలోనే అడిగి పెట్టుకోవాలి. నీళ్లు వచ్చాక అడిగితే ఎవరూ వినరు. ఎప్పుడు తెరవాలో తెలియకపోతే రోజూ ఒక సీసాతో కాలువ నీళ్లు ముంచి రాత్రంతా కదపకుండా ఉంచండి. మొదటి రోజు సీసాలో పైన నురగ, అడుగున నల్లటి బురద, మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. ఆ నలుపు, నురగ, వాసన తగ్గేదాకా తూము జోలికి వెళ్లొద్దు. అలాగని తేటపడ్డ నీళ్లు నేరుగా తాగేయొచ్చని కాదు, చెరువులోకి రానివ్వొచ్చు అంతే.

నీళ్లు రాకముందే ఫిల్టర్ బెడ్ల (చెరువు నీళ్లని ఇసకలోంచి వడకట్టే తొట్లు) మీద మడ్డి పేరుకున్న పై ఇసక పొర గీకించాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించాలి. ట్యాంకు గోడ మీద కడిగిన తేదీ రాసి ఉంటుంది గాని, రంగు డబ్బా పట్టుకున్నవాడు నిచ్చెన కూడా ఎక్కాడని నమ్మకం లేదు. కడిగే రోజు ఇద్దరు దగ్గరుండండి.

బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు. పొడి అలాగే చల్లకుండా బకెట్‌లో కలిపి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రం ట్యాంకులో పోయాలి. గంట ఆగి కుళాయిలకి వదలాలి. పోయినేడు విప్పిన సంచిలో పస ఉండదు, కొత్తది తెప్పించండి. నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మడ్డికే ఖర్చయిపోతుంది.

ఇక పరీక్ష. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని చూపే క్లోరోస్కోప్‌తో ట్యాంకు కింద కొలిచి, సరిపోయిందని రాసుకుని వెళ్లిపోతుంటారు. కొలవాల్సింది పేటలో చివరి కుళాయి దగ్గర. అక్కడ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పైపు లైను మొదట్లో మేడలున్న వీధులు, మోటార్లు పెట్టి లాగేస్తారు. పేటకి వచ్చేసరికి ధార సన్నబడుతుంది. అందుకని నేలలో గుంత తవ్వి, పైపు కోసి, గుంతలో బిందె పెట్టి పట్టుకుంటారు. ఆ గుంతలోకే బట్టలుతికిన నీళ్లు, వాన నీళ్లు చేరతాయి. సరఫరా ఆగగానే పైపు ఆ నీళ్లని వెనక్కి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. గుంత తవ్వుకున్నవాళ్లని తిట్టి లాభం లేదు, ముందు మోటార్లు తీయించండి. ఈలోపు గుంతకి సిమెంటు గట్టు కట్టి, కుళాయికి మూత బిగించండి. మొదటి బిందె నీళ్లు తాగకుండా వాడకానికే ఉంచండి.

ఇంట్లో అయితే బట్టతో వడకట్టి, తెర్లేదాకా కాచి, ఆ గిన్నెలోనే చల్లార్చి తాగడం. పటిక మడ్డిని దించుతుంది గాని క్రిములని చంపదు. కాచినా ఉప్పదనం పోదు, పురుగుమందుల అవశేషాలకీ కాచడం మందు కాదు. రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లు ఉప్పగా మారిన ఇళ్లలో, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు, వాటిని తాగడం మానేయాలి. డబ్బా నీళ్లు కొనుక్కోగలిగితే కొనుక్కోండి. ఆ ప్లాంటు వాళ్లు నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) ఎప్పుడు మార్చారో, పరీక్ష కాగితం ఏదో అడగడానికి మొహమాటపడకండి. కూలి డబ్బుల్లోంచి రోజూ డబ్బా కొనలేనివాళ్లకి కుళాయే గతి కాబట్టి పంచాయతీలో పట్టుబట్టాల్సింది కుళాయి గురించే.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. పిల్లలకి జింక్ మాత్రలు 14 రోజులు, విరేచనాలు కట్టినా ఆపకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకి పోయినా, ఒంటేలు ఆగినా 108కి ఫోన్ చేయండి. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో కనిపిస్తే అదే రోజు ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారికి చెప్పండి.

కామెర్లు అప్పటికప్పుడు బయటపడవు. జూన్‌లో తాగిన నీళ్లకి జూలైలో కళ్లు పచ్చబడతాయి. గర్భిణులకి ఈ నీళ్ల కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి, నెలలు నిండుతున్నకొద్దీ ప్రమాదం ఎక్కువ. పసరు మందు అంటూ వారం పోగొట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

లంకల వాళ్లు వరదకి కూడా ఇప్పుడే సర్దుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదంటే ఆగస్టే అనుకోవద్దు, 2022లో జూలై మధ్యకే మూడోది దాటింది. మునిగిన చేతిపంపు నీళ్లు బాగా తోడిపోసి, క్లోరిన్ వేయించాకే తాగాలి.

వీటన్నిటికీ అర్జీ ఒకటే రాయొచ్చు: తూము, ట్యాంకర్లు, మోటార్లు, చివరి కుళాయి పరీక్ష. నీళ్లు వదిలే తేదీకి వారం ముందే పంచాయతీ కార్యదర్శి గారికి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.