రిపోర్టులో మాటలు ఇలా చదవండి

అమ్మకి రొమ్ములో గడ్డ బయటపడ్డాక, పాలకొండ నుంచి విశాఖకి తిరిగిన ఏడాదంతా నా సంచిలో ఒక నోటుబుక్కు ఉండేది. డాక్టరు నోట విన్న మాట విన్నట్టే తెలుగులో రాసుకునేవాణ్ణి. మీరూ ఒకటి పెట్టుకోండి.

బయాప్సీలో (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) 'బినైన్' అంటే క్యాన్సర్ కాదు, 'మాలిగ్నెంట్' అంటే క్యాన్సర్.

స్టేజీ, గ్రేడు ఒకటి కావు. 'గ్రేడ్ 3' అని చూసి మూడో స్టేజీ అనుకుని కాంప్లెక్స్ బస్టాండులో కూలబడిపోయాను. "ఏటైందిరా?" అంది అమ్మ. తల తిరుగుతోందన్నాను. స్టేజీ జబ్బు ఎంతవరకు పాకిందో చెబుతుంది. గ్రేడు, మైక్రోస్కోపులో ఆ కణాలు మామూలు కణాలకి ఎంత తేడాగా ఉన్నాయో చెబుతుంది. అమ్మది స్టేజీ 2. స్టేజీ దగ్గర టీ, ఎన్, ఎం అనే అక్షరాలు కనిపిస్తాయి: టీ అంటే గడ్డ, ఎన్ అంటే దగ్గరి లింఫు గ్రంథులు, ఎం అంటే దూరపు అవయవాలకి పాకడం.

'పాజిటివ్' అని ఉంటే, దేనికి అని అడగండి. మార్జిన్ పాజిటివ్ అంటే కోసి తీసిన ముక్క అంచులో ఇంకా క్యాన్సర్ కణాలున్నాయని. ఈఆర్ (గడ్డ కణాల మీద ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్) పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేసే అవకాశం ఉందని.

'పాలియేటివ్' అంటే చేతులెత్తేయడం కాదు. నొప్పి, వాంతులు, ఆయాసం తగ్గించే వైద్యం. కీమోతో (క్యాన్సర్ కణాలని చంపే మందులతో) పాటే ఇవ్వొచ్చు.

కీమోలో 'కౌంట్ తగ్గింది' అంటే చాలాసార్లు తెల్ల రక్తకణాల మాటే. అప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరినా, దాటినా మాత్ర వేసి తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. మా థర్మామీటరు పోపులడబ్బా పక్కనే ఉండేది.