ఆల్ప్స్‌లో కార్లు తిరగని ఊళ్లో రెండు రాత్రులు ఉండి రావడం ఎలా?

మనవాళ్ల స్విట్జర్లాండ్ టూర్ చాలావరకు ఒకేలా సాగుతుంది. పొద్దున్నే బస్సెక్కడం, యుంగ్‌ఫ్రావ్‌యోఖో టిట్లిసో చూసి మంచులో ఫోటోలు దిగడం, రాత్రికి ఇంకో ఊరు చేరడం. దారిలో కనిపించే చెక్క ఇళ్ల పల్లెల్లో దిగే తీరిక ఎవరికీ ఉండదు. నన్నడిగితే, ఒక శిఖరం మానేసైనా సరే, అలాంటి ఊళ్లో రెండు రాత్రులు ఉండాలి. ఒక్క రాత్రే అనుకుంటే, ఆ రోజు మబ్బు పట్టిందంటే డబ్బు దండగే.

ఇక్కడ మ్యూరెన్ గురించి చెప్తాను. లౌటర్‌బ్రునెన్ లోయ పైన, కొండ అంచున, సుమారు 1,640 మీటర్ల ఎత్తులో ఉంటుంది ఈ ఊరు. ఎదురుగా ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాలు. టూరిస్టుల కార్లు ఊళ్లోకి రావు. పగలు జనం బాగానే ఉంటారు కానీ, సాయంత్రం వాళ్లంతా కిందికి దిగిపోయాక ఊరు ఊరిలా కనిపిస్తుంది. రాత్రి ఉండమనేది అందుకే.

1. ముందు నెల చూసుకోండి, తర్వాత గది

నడవడానికి జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది. ఏప్రిల్, మే, నవంబర్‌లలో రిపేర్ల కోసం కొన్ని కేబుల్ కార్లు ఆపేస్తారు, చాలా హోటళ్లూ మూసేస్తారు. ఊరు చిన్నది, గదులు తక్కువ. కాబట్టి వేసవికైతే నెలల ముందే బుక్ చేసుకోవాలి. మనలా వండుకు తినేవాళ్లకు వంటగది ఉన్న అపార్ట్‌మెంటే నయం.

2. వీసా

కావలసింది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సెలవుల సీజన్‌లో అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఆఖరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడొద్దు.

3. బ్యాగ్ సర్దడం

అసలు పని ఇక్కడే ఉంది. పెద్ద సూట్‌కేసులు వద్దు. స్టేషన్ నుంచి గది దాకా మీరే లాక్కెళ్లాలి, దారి ఎగుడుదిగుడు. తప్పదనుకుంటే పెద్ద బ్యాగులు లౌటర్‌బ్రునెన్ స్టేషన్ లాకర్లలో పెట్టి, రెండు రోజుల బట్టలతో పైకి వెళ్లండి.

తిండి సంగతి. మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లకూడదు. అంటే అమ్మ ఎంత బతిమాలినా నెయ్యి సీసా, పాలకోవా, నేతి పూతరేకులు, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయాలి. కంది పొడి, పులిహోర పేస్టు, ఉప్మా మిక్స్ పర్వాలేదు. ఆవకాయ తీసుకెళ్తే చెక్-ఇన్ బ్యాగ్‌లో, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. అక్కడ తాలింపు వేసేటప్పుడు ముందు కిటికీ తెరవండి, లేకపోతే ఎండు మిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగి బిల్డింగంతా మీ గుమ్మంలో ఉంటుంది.

మన లావు మూడు పిన్నుల ప్లగ్ అక్కడ పట్టదు, అడాప్టర్ కావాలి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి యూరప్ సిమ్ కొనేముందు ఆ దేశం పేరు అందులో ఉందో లేదో చూడండి. ఆగస్టులో కూడా ఒక స్వెటర్, వాన జాకెట్, జారని బూట్లు ఉండాల్సిందే.

4. ఊరు చేరడం

జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ కిందే రైల్వే స్టేషన్ ఉంటుంది. అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్ ఓస్ట్ వెళ్లి, మరో రైల్లో ఇరవై నిమిషాలకు లౌటర్‌బ్రునెన్ చేరతారు. స్టేషన్ ఎదుటే గ్రూచాల్ప్‌కు కేబుల్ కార్ ఉంది. పైన ఒక చిన్న రైలు కాచుకుని ఉంటుంది. 1891లో మొదలైన లైను అది, లోయ అంచు వెంట మ్యూరెన్‌కు తీసుకెళ్తుంది. వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి.

స్విస్ ట్రావెల్ పాస్ (టూరిస్టులు రైళ్లు, బస్సుల్లో తిరగడానికి కొనే పాస్) ఉంటే మ్యూరెన్ దాకా వేరే టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి షిల్ట్‌హార్న్ శిఖరానికి (2,970 మీటర్లు) కేబుల్ కార్‌లో వెళ్లాలంటే మాత్రం పాస్‌తో తగ్గింపే వస్తుంది. ఆ టికెట్ ముందే కొనకండి. పొద్దున్న లేచి, శిఖరం మీది లైవ్ కెమెరా చూసి, ఆకాశం తేటగా ఉంటేనే కొనండి. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు మామూలే.

5. నడవండి

మొదటిరోజు గ్రూచాల్ప్ నుంచి మ్యూరెన్‌కు నడక చాలు, దాదాపు చదునైన దారి. మధ్యలో వింటరెగ్ అనే చోట చీజ్ తయారుచేసే డైరీ, రెస్టారెంట్ ఉన్నాయి. రెండోరోజు గిమ్మెల్‌వాల్డ్‌కు దిగండి, అరగంట పైచిలుకు. ఇది మ్యూరెన్ కంటే చిన్నది, ఇప్పటికీ రైతుల ఊరే. చీజ్ లాంటివి మనిషి లేని అరల్లో పెట్టి ఉంచుతారు, ధర చూసి డబ్బు డబ్బాలో వేసి తీసుకోవడమే. అందుకని కాస్త చిల్లర ఉంచుకోండి. తిరిగి ఎక్కలేకపోతే కేబుల్ కార్ ఉంది, టైమింగ్స్ చూసుకోండి.

నడక దారులు చూపే పసుపు బోర్డుల మీద రాసిన సమయంలో విశ్రాంతి లెక్క ఉండదు. పిల్లలతో అయితే దానికి సగం కలపండి. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలున్న దారి కొండ దారి, చెప్పులతో వెళ్లొద్దు. తెలుపు-నీలం-తెలుపు గీతలుంటే అది కొండలెక్కడంలో అనుభవం ఉన్నవాళ్ల దారి, మనకు కాదు.

6. ఊరివాళ్లతో

రీల్స్ కోసం పూల గడ్డిలోకి దిగడం అన్నిటికంటే పెద్ద తప్పు. అది శీతాకాలానికి పశువుల మేత. ఏటవాలు చోట్ల మనుషులే కోసి ఎండబెట్టుకుంటారు, తొక్కేస్తే కోత పాడవుతుంది. మన వరి చేలో ఎవరైనా దిగి ఫోటోలు తీసుకుంటే ఊరుకుంటామా? దారిలో గేటు తెరిస్తే మళ్లీ వేయండి, తీగ కంచెలో కరెంటు ఉండొచ్చు. దూడతో ఉన్న ఆవు దగ్గరికి వెళ్లకండి, పొడుస్తుంది. మెడలో గంట ఉన్నంత మాత్రాన సాధువు కాదు.

దారిలో ఎదురైనవాళ్లను పలకరించడం అక్కడి అలవాటు. "గ్రూఎసెఖ్" అనండి, థాంక్స్‌కు "మెర్సి". రాత్రి పది దాటాక బాల్కనీలో వీడియో కాల్స్ వద్దు. ఊళ్లోని తొట్టి కుళాయి నీళ్లు తాగొచ్చు, "కైన్ ట్రింక్‌వాసర్" (తాగే నీళ్లు కావు) అని బోర్డు ఉంటే మాత్రం తాగకండి. శాకాహారులకు రోష్టి అనే బంగాళదుంప వేపుడు దొరుకుతుంది, అందులో పంది మాంసం ముక్కలు వేస్తారేమో ముందే అడగండి.

7. రెండు రోజులూ వానే అయితే

లోయలోకి దిగి ట్రూమెల్‌బాఖ్ జలపాతాలు చూడండి. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల హిమానీనదాల నీళ్లు కొండ కడుపులోంచి హోరుమని దూకుతాయి. లిఫ్ట్‌లో ఎక్కి, మెట్ల మీదుగా దిగుతూ చూడాలి. లోపల తుంపర, జారుడు, కాబట్టి జాకెట్ వేసుకునే వెళ్లండి. నాలుగేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు, ఇంట్లో ఒకరు బయట ఉండిపోవాల్సి వస్తుంది.