చల్లనీళ్ల ట్యాంకును మోడల్ చేసేటప్పుడు పొరలు వదిలేయకండి

హైదరాబాద్‌లో ఆఫీసు బిల్డింగుల చిల్లర్ (ఏసీ కోసం నీళ్లను చల్లబరిచే మెషిన్) ప్లాంట్లకు లెక్కలు కట్టడం నా పని. రాత్రి చిల్లర్ నడిపి ట్యాంకు నిండా చల్లనీళ్లు పెట్టుకుని, పగలు వాటితో ఏసీ నడపాలనుకునేవాళ్లు ముందుగా "కరెంటు బిల్లులో ఎంత మిగులుతుంది?" అంటారు. నేను మాత్రం ముందు బిల్డింగు నుంచి ట్యాంకుకు తిరిగొచ్చే నీళ్ల టెంపరేచర్ అడుగుతాను.

ట్యాంకులో ఎంత చల్లదనం పడుతుందో తేల్చేది అదే. 500 ఘనపు మీటర్ల ట్యాంకు నుంచి నీళ్లు 5 డిగ్రీల దగ్గర బయల్దేరి 13 దగ్గర తిరిగొస్తే సుమారు 1,320 టన్ అవర్లు (చల్లదనాన్ని కొలిచే యూనిట్). ఏహెచ్‌యూల (గదుల్లోకి చల్లగాలి పంపే యూనిట్లు) వాల్వులు సరిగా మూసుకోక 10కే తిరిగొస్తే అదే ట్యాంకు 830కి పడిపోతుంది. డిజైన్ షీట్ అంకె పక్కనపెట్టి, బీఎంఎస్‌లో (బిల్డింగు రీడింగులు నమోదు చేసే కంప్యూటర్ సిస్టమ్) మే నెల రీడింగులు తీయండి.

ఇక ట్యాంకు. నీళ్లన్నీ ఒకే టెంపరేచర్‌లో కలిసిపోయాయని మోడల్ చేస్తే, ట్యాంకులో సగమంత నీరు తిరిగేసరికే బయటికొచ్చే నీళ్లు 8 డిగ్రీలు దాటినట్టు కనిపిస్తుంది. నిజానికి చల్లనీళ్లు అడుగునే ఉంటాయి, వేడివి పైన తేలతాయి. బాగా కట్టిన ట్యాంకులో అప్పటికి కూడా దాదాపు 5 డిగ్రీల నీళ్లే వస్తుంటాయి. బిల్డింగుల ఎనర్జీ లెక్కలు కట్టే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల ట్యాంకులూ ఉన్నాయి, స్ట్రాటిఫైడ్‌ది (పొరలు ఉన్నది) తీసుకోండి. ఎక్సెల్‌లో అయితే 20 పొరలు వేయండి, ఒక్కోటి 25 ఘనపు మీటర్లు. ట్యాంకు వాడుకునేటప్పుడు ప్రతి స్టెప్‌లో (లెక్క ఒక్కసారికి ముందుకు జరిగే సమయం) పై పొర నీళ్లు కొంత కింది పొరలోకి దిగుతాయి:

కొత్త టెంపరేచర్ = పాతది + (దిగిన నీళ్లు ÷ 25) × (పై పొర టెంపరేచర్ − పాతది)

ఒక స్టెప్‌లో దిగే నీళ్లు ఒక పొరను మించకూడదు. 8 గంటల్లో ట్యాంకులోని చల్లనీళ్లన్నీ వాడేస్తే గంటకు 62.5 ఘనపు మీటర్లు, అంటే రెండున్నర పొరలు. గంట స్టెప్ పెడితే అంకెలు పిచ్చిపిచ్చిగా ఎగురుతాయి. 15 నిమిషాలు పెట్టండి. ఛార్జింగ్ (ట్యాంకును చల్లనీళ్లతో నింపడం) 4 డిగ్రీల కిందికి వద్దు. నీరు అక్కడే అత్యంత బరువు, ఇంకా చల్లబడితే పైకి లేచి పొరలను కలిపేస్తుంది.

తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు కనెక్షన్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు యూనిట్‌పై రాయితీ ఉంది. ఎంతన్నది ఆ ఏడాది టారిఫ్ ఆర్డర్ చూసి వేయండి. కేవీఏ డిమాండ్ ఛార్జీ (నెలలో ఒకేసారి లాగిన గరిష్ఠ లోడుపై పడేది) మర్చిపోవద్దు. చిల్లర్ సీఓపీని (ఒక యూనిట్ కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పే అంకె) బయటి టెంపరేచర్‌తో కలపండి, రాత్రి అది మెరుగవుతుంది.

ఏ గంటలో చిల్లర్ నడపాలో, ఎప్పుడు ట్యాంకు వాడాలో తేల్చే సాల్వర్ ప్రోగ్రామ్‌కు మొదట ఒక మే రోజు, ఒక జూలై రోజు, ఒక డిసెంబర్ రోజు ఇవ్వండి. రోజు చివర ట్యాంకులో చల్లదనం మొదట ఉన్నంతే ఉండాలన్న షరతు తప్పనిసరి. అది లేకపోతే సాల్వర్ ట్యాంకును ఖాళీ చేసేసి, లేని పొదుపు చూపిస్తుంది.