పోయిన బిడ్డ పేరున ఉపకారవేతనం పెట్టేటప్పుడు

ఊళ్లో ఇరవై ఏళ్ల బిడ్డ పోతే, పెద్దకర్మ కాకముందే పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో విరాళాలు మొదలవుతాయి. డబ్బంతా ఎవరో ఒక స్నేహితుడి ఫోన్‌పేలో పడుతుంది. తర్వాతి తగువులకు మూలం అదే. ముందు ఇద్దరి సంతకాలుండే ఉమ్మడి ఖాతా తెరవండి, ఆ తర్వాతే నంబరు పంచండి. ఆ ఇద్దరిలో ఒకరు ఇంటివాళ్లు కాకుండా ఉండాలి.

తల్లిదండ్రులను అప్పుడే ఏమీ అడగొద్దు. ఒకటి రెండు నెలలాగి, ఇద్దరినీ విడివిడిగా అడగండి: పేరు ఎలా రాయాలి, ఏ ఫోటో పెట్టాలి, అసలు పెట్టొచ్చా. చావుకు కారణం కరపత్రంలో రాయకండి. ఆత్మహత్య అయితే మరీను. చదివే పిల్లలకు ఆ చావు గొప్పగా కనిపించకూడదు.

ఇక లెక్క. 5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, 6.5 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 32,500 వస్తుంది. అందులో 25,000 ఇచ్చి, 7,500 అసలులో కలపండి. కలపకపోతే పదేళ్లకు ఆ సాయం పుస్తకాలకే సరిపోదు. పోగైంది 2 లక్షలే అయితే శాశ్వత నిధి ఆలోచన మానేయండి. 13,000 వడ్డీ పంచడం కన్నా, ఒకే విద్యార్థికి ఏటా 50,000 చొప్పున నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదివించడం మేలు.

డిపాజిట్ తండ్రి పేరున ఉంటే వడ్డీ ఆయన ఆదాయం కిందికే వస్తుంది, రేపు వారసుల పేచీ కూడా. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్టు పత్రం రిజిస్టర్ చేయించండి. సొసైటీ అయితే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. అసలు సొమ్ము ముట్టకూడదనీ, ట్రస్టీ పోతే ఆ స్థానంలోకి ఎవరొస్తారో, ట్రస్టు మూతపడితే మిగిలింది ఎవరికి చెందుతుందో పత్రంలోనే ఉండాలి.

అమెరికాలోని స్నేహితులు భారత పౌరులైతే సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్ మామూలుగా మూడేళ్లు నడిచిన సంస్థలకే ఇస్తారు.

ఎంపికకు ప్రధానోపాధ్యాయులు, ఇంకో టీచరు, బంధుత్వం లేని ఒకరు చాలు. స్కూల్ ఫస్ట్ వచ్చిన పిల్లలకు కార్పొరేట్ కాలేజీలే ఫీజు తగ్గించి సీటిస్తాయి. మార్కులకు ఒక హద్దు పెట్టి, అది దాటినవాళ్లలో అవసరం చూడండి: కౌలు రైతు ఇల్లు, ఒంటరి తల్లి, పదితో చదువు ఆపేయబోతున్న అమ్మాయి.

ఎక్కువమంది బోల్తాపడేది రెండో ఏడాది. పది తర్వాత ఇంటర్ రెండేళ్లు, సాయమూ రెండేళ్లు కావాలి. మొదటి ఏడాదే ఇద్దరికి 12,500 చొప్పున ఇచ్చేస్తే, మరుసటేడు కొత్త ఇద్దరితో కలిపి నలుగురవుతారు, 50,000 కావాలి. అందుకే ఏటా ఒక్కరినే కొత్తగా తీసుకోండి. రెండో ఏడాది సాయానికి పాసైతే చాలు, ఫస్ట్ క్లాసు అడగొద్దు.

వర్ధంతి నవంబరులో వస్తే సభ అప్పుడే జరుపుకోండి, డబ్బు మాత్రం జూన్ మొదటి వారంలోనే అందాలి. హాస్టల్ డిపాజిట్, బస్ పాస్, పుస్తకాలు అప్పుడే మీద పడతాయి. ఎంపిక మే నెలాఖరుకు తేల్చేయండి. హాస్టల్ డబ్బు హాస్టల్ ఖాతాకే కట్టండి, మిగతాది విద్యార్థి ఖాతాలో వేయండి. సభలో ఆ పిల్లల చేతికి పెద్ద చెక్కు అట్ట ఇచ్చి ఫోటోలు తీయకండి. తల్లిని మాట్లాడమని మైకు అందించకండి. ఆమె తనంతట అడిగితే ఇవ్వండి.