సంగీతంలో ఎం.ఏ. చేయాలనుందా? గోదావరి జిల్లాల పిల్లలు ఎలా సిద్ధం కావాలి?

సంగీతం ఎం.ఏ.లో చేరితే సరళీ వరసల నుంచి మొదలుపెట్టి అన్నీ నేర్పిస్తారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అలా ఏమీ ఉండదు. చేరే నాటికే వర్ణాలు, కృతులు గొంతులోనో వేళ్లలోనో ఉండాలి. ఆ రెండేళ్లలో మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడే నేర్పు) పెరుగుతుంది, శాస్త్రం వస్తుంది, వేదిక అలవాటవుతుంది. అంటే అసలు పని అమలాపురంలోనో భీమవరంలోనో మీ ఇంట్లో ఉండగానే, దరఖాస్తుకు ఆరేళ్ల ముందే మొదలవ్వాలి.

1. ముందు దారి తేల్చుకోండి

ఇంటర్ అయ్యాక నేరుగా సంగీత కళాశాలకు వెళ్లడం ఒక పద్ధతి. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. విజయవాడలో ఘంటసాల పేరిట ప్రభుత్వ కళాశాల, తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. నాదస్వరం, డోలు వాయించే కుటుంబాల పిల్లలు తిరుపతి వైపు తప్పకుండా చూడాలి, ఆ రెండింటికీ టీటీడీ ప్రత్యేకంగా పాఠశాల నడుపుతోంది.

రెండో పద్ధతి, దగ్గర్లో ఏదో ఒక డిగ్రీ చదువుతూ సంగీతంలో సర్టిఫికెట్, డిప్లొమా పూర్తిచేసి, ఆ తర్వాత ఎం.ఏ.కి వెళ్లడం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (ఇది అమ్మాయిలకే), చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇందుకు పేరున్నవి. నన్నడిగితే మన వైపు పిల్లల్లో ఎక్కువమందికి ఈ రెండో దారే నయం. గురువు గారి దగ్గర పాఠం మధ్యలో తెగదు, ఇంట్లో వాళ్లకు "రేపు ఉద్యోగం ఎలా?" అన్న టెన్షన్ కొంత తగ్గుతుంది. ఇంటర్ నాటికే సొంతంగా గంట కచేరీ చేయగలిగిన వాళ్ల సంగతి వేరు. వాళ్లు ఆగనక్కర్లేదు.

2. గురువు, దానితో పాటు కాగితం

మన దగ్గర గురువులకు కొదవ లేదు. శంకరగుప్తంలో బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో ఈమని శంకరశాస్త్రి, పాలకొల్లులో మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన నేల ఇది. అయితే యూనివర్సిటీ ఆఫీసుకు గురువు గారి పేరు చాలదు, సర్టిఫికెట్ కావాలి. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. మామూలుగా సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు. మీ కాలేజీ వేళలకు కుదురుతుందో లేదో ముందే వెళ్లి కనుక్కోండి. పదో తరగతిలోనే చేరితే మూడేళ్ల డిగ్రీ అయ్యేసరికి రెండూ చేతికొస్తాయి. ఆలస్యం చేస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

3. ప్రాక్టికల్ పరీక్షకు సాధన

అసలు తూకం వేసేది ఇక్కడే. మొదట శ్రుతి స్థిరపరచుకోండి. మామూలుగా మగపిల్లలకు ఒకటి (హార్మోనియంలో సి) దగ్గర, ఆడపిల్లలకు ఐదు (జి), ఐదున్నర దగ్గర నప్పుతుంది. గొంతు మారిన అబ్బాయిలు చిన్నప్పటి శ్రుతిని పట్టుకుని వేలాడకూడదు. మంద్ర పంచమం, తార పంచమం రెండూ బిగబట్టకుండా అందే చోటే మీ శ్రుతి. ఫోన్‌లో తంబూరా యాప్ చాలు. పొద్దున్నే అకార సాధన (స్వరాలను 'ఆ' అంటూ పాడటం), ఆ తర్వాత వరసలు మూడు కాలాల్లో.

ఐదారు ఆది తాళ వర్ణాలు, కనీసం ఒక అట తాళ వర్ణం రెండు కాలాల్లో తడబడకుండా రావాలి. వర్ణంలో మీ కాలప్రమాణం ఎక్కడ జారుతుందో పరీక్షించేవారికి వెంటనే తెలిసిపోతుంది. ఇంట్లో తాళం వేస్తూ పాడి రికార్డు చేసుకుని వినండి, రెండో కాలంలో పరిగెత్తుతున్నారేమో అక్కడే బయటపడుతుంది. కృతులు ముప్ఫై వచ్చినా, జాబితాలో బాగా పండిన పన్నెండే పెట్టండి. జాబితాలో ఏది రాస్తే అది అడుగుతారు. ఆ రాగాల్లో చిన్న ఆలాపన, నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) కల్పన స్వరం, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, సిద్ధంగా ఉండాలి.

కీర్తనల్లో చాలావరకు తెలుగే కాబట్టి ఉచ్చారణ మనకు కలిసొస్తుంది. అయినా అర్థం తెలుసుకుని పదాలు ఎక్కడ విడగొట్టాలో గుర్తు పెట్టుకోండి. మన సాగదీత "అండీ"లో ముద్దుగా ఉంటుంది గానీ సాహిత్యంలోకి వస్తే తాళం తప్పుతుంది.

పాఠాంతరం గురించి ఒక మాట. మీ గురువు గారు చెప్పిన సంగతి (కృతిలో ఒక పంక్తిని పాడే తీరు) యూనివర్సిటీ అధ్యాపకుల పాఠంలో మరోలా ఉండొచ్చు. వాదనకు దిగకండి, రెండింటినీ స్వరపరచి రాసుకోండి.

4. శాస్త్రం

ప్రవేశ పరీక్షలో, ఆ తర్వాత కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్‌లో పిల్లలు తడబడేది ఇక్కడే. రాగ లక్షణాలు, తాళాలు, వాగ్గేయకారుల చరిత్ర, వాద్యాల నిర్మాణం చదవాలి. 72 మేళకర్తలను (మూల రాగాలను) బట్టీ పట్టక్కర్లేదు, అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది సూత్రం వస్తే చాలు. మాయామాళవగౌళలో మొదటి రెండు అక్షరాలు మ, య. మ అంటే 5, య అంటే 1. తిరగేస్తే 15, అదే దాని మేళం సంఖ్య. మేచకల్యాణిలో మ 5, చ 6, తిరగేస్తే 65. సంఖ్య తెలిస్తే స్వరస్థానాలు లెక్కగట్టుకోవచ్చు. 36 వరకు శుద్ధ మధ్యమం, 37 నుంచి ప్రతి మధ్యమం.

5. నలుగురిలో పాడండి

జనవరిలో త్యాగరాజ ఆరాధన, చైత్రంలో రామనవమి పందిళ్లు, దసరా. ఏదీ వదలకండి. మైకు సరిగ్గా లేకపోయినా, పక్కన లౌడ్‌స్పీకర్ మోగుతున్నా శ్రుతిలో నిలబడటం అక్కడే అలవాటవుతుంది. మృదంగం పక్కన లేకుండా సాధన చేసినవాళ్లు పరీక్ష గదిలో మొదటి ఆవర్తంలోనే బెదురుతారు.

6. దరఖాస్తు, వాద్యం, డబ్బు

ప్రవేశ పద్ధతి ఏటా మారుతుంటుంది, ఆ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం. డిగ్రీ మార్కుల జాబితా, సంగీతం సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టుకోండి.

వీణ వాళ్లకు అదనపు పని ఉంటుంది. మెట్లు మైనం మీద నిలబడతాయి కాబట్టి రోహిణి కార్తె ఎండలో బస్సు డిక్కీలో పెడితే మెట్లు కదులుతాయి. మన తడి గాలికి మృదంగం మూతలు కూడా వదులవుతాయి. పరీక్షకు ఒకరోజు ముందే ఊరు చేరి వాద్యాన్ని సరిచేసుకోండి. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రి దాకా బస్సులో వాద్యాన్ని ఒళ్లో పెట్టుకునే వెళ్లాలి.

18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. చదువుతుండగానే ఆకాశవాణి ఆడిషన్‌కు కూర్చోండి. మొదట బి గ్రేడ్ వచ్చినా మంచిదే, అక్కడి నుంచి బి హై, ఏ, టాప్ వరకు ఎక్కొచ్చు. ఎం.ఏ. చివరి ఏడాదిలో ఉండగానే నెట్ రాసే వీలుంది. కాలేజీలో పాఠాలు చెప్పాలనుకుంటే అప్పుడే మొదటి ప్రయత్నం చేయండి.